కార్బోన్ ఊరూరా తెరిస్తే రుచి నిలబడుతుందా?

పప్పుచారు (ఎడిసన్, న్యూజెర్సీ):
శనివారం రాత్రి మా ఇంట్లో మొదలైన గొడవ ఇది. తెగలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్, థాంప్సన్ స్ట్రీట్‌లో కార్బోన్ అని ఒక ఖరీదైన ఇటాలియన్-అమెరికన్ రెస్టారెంట్ ఉంది. మారియో కార్బోన్, రిచ్ టొరిసీ అనే ఇద్దరు షెఫ్‌లు, జెఫ్ జలాజ్నిక్ అనే వ్యాపారి కలిసి 2013లో పెట్టారు. మరుసటి ఏడాదే హాంకాంగ్, 2015లో లాస్ వేగస్, 2021లో మయామి, 2022లో డల్లాస్, 2025లో లండన్. మధ్యలో సీసాల్లో సాస్ కూడా అమ్మకానికి పెట్టారు.

మా బావమరిది మాట: "వంటవాడు పొయ్యి దగ్గర ఉన్నంతవరకే హోటల్. ఆరు ఊళ్లలో పెట్టాక అది బ్రాండ్. తినేది బోర్డునే." నా మాట: చేయి తిరిగినవాడు పదిమందికి నేర్పితే తప్పేంటి? మీరు చెప్పండి. తిన్నవాళ్లయితే మరీ మంచిది.

గోదారి_గట్టు:
మీ బావమరిదికే నా ఓటు. కార్బోన్‌కి మొదట్లోనే ఒక మిషెలిన్ నక్షత్రం (మంచి హోటళ్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) వచ్చింది. 2022లో పోయింది. అదే ఏడాది డల్లాస్‌లో తెరిచారు. ఇంకేం రుజువు కావాలి?

వంటింటి మేస్త్రి:
గట్టు గారూ, కాకి వాలగానే తాటిపండు పడిందన్నట్టుంది. నక్షత్రం ఎందుకు తీశారో మిషెలిన్ వాళ్లు బయటికి చెప్పరు. హాంకాంగ్, వేగస్ తెరిచిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ నక్షత్రం ఉంది కదా, దాన్నేమంటారు?

నేను నాలుగేళ్లు మన్‌హాటన్‌లో ఒక ఇటాలియన్ కిచెన్‌లో లైన్ మీద, అంటే పొయ్యిల దగ్గర, పనిచేశాను (ఇది కాదు, వేరే చోటు). అక్కడ నేర్చుకున్నది చెప్తాను. కార్బోన్‌లో అందరూ ఫొటో తీసుకునే ఐటమ్ స్పైసీ రిగటోనీ వోడ్కా. రిగటోనీ అంటే గొట్టాల్లా ఉండే పాస్తా. అందులో దేవరహస్యం ఏమీ లేదు. ఉల్లిపాయ, టమాటా, క్రీమ్, వెన్న, కలాబ్రియా మిరపకాయ, కాస్త వోడ్కా. ఆ సాస్‌ని పొద్దున్నే పెద్ద గిన్నెలో చేసి పెట్టుకోవచ్చు. న్యూయార్క్‌లో చేసినా డల్లాస్‌లో చేసినా కొలతలు పాటిస్తే ఒకేలా వస్తుంది.

తేడా వచ్చేది చివరి రెండు నిమిషాల్లో. పాస్తా ఇంకా కాస్త పలుకు మీద ఉండగానే తీసి, సాస్ ఉన్న పెనంలో వేసి, అది ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోసి, పెద్ద మంట మీద ఆపకుండా ఎగరేయాలి. ఆ నీళ్లలో ఉన్న గంజి వల్ల వెన్నా టమాటా విడిపోకుండా కలిసి గొట్టాలకి పట్టుకుంటాయి. ఒక గరిటె తక్కువైతే ముద్ద, ఎక్కువైతే చారు. నిమిషం ఆలస్యమైతే సాస్ మీద నూనె తేలుతుంది. శుక్రవారం రాత్రి ఆర్డర్ల చీటీలు వరసగా పడుతుంటే ఆ గరిటె ఎవడి చేతిలో ఉంది అన్నదే ప్రశ్న. మారియో కార్బోన్ చేతిలో అయితే ఉండదు, న్యూయార్క్‌లో కూడా! ఓనర్ షెఫ్ రోజూ పెనం ఎగరేస్తాడనుకోవడం మన అమాయకత్వం.

డల్లాస్ వదిన:
మేస్త్రి గారు చెప్పింది నిజం. మా ఊళ్లో ఒక ఇటాలియన్ చైన్‌లో (పేరెందుకులెండి) లజానియా తెప్పించుకుంటే అంచులు నోరు కాలేంత వేడి, మధ్యలో చెంచా పెడితే ఐసు ముక్క. అది ఎక్కడో ఫ్యాక్టరీలో చేసి తెచ్చింది. చైన్ అనగానే నాకు ఆ ఐసు ముక్కే గుర్తొస్తుంది. కానీ డల్లాస్ కార్బోన్‌లో మా పెళ్లిరోజుకి తిన్నాం, ఆ బాపతు కాదు. బిల్లు చూసి మా ఆయన మంచినీళ్లు అడిగారు, అది వేరే సంగతి.

ఒక హెచ్చరిక మాత్రం. శాకాహారులు సీజర్ సలాడ్ ఆకులే కదా అని ఆర్డర్ చేయకండి. డ్రెస్సింగ్‌లో ఆంచొవీ అనే ఉప్పు చేప ఉంటుంది. అందులో వేసే అసలైన పార్మిజానో చీజ్ కోసం పాలు విరిచేది దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో. మా అత్తగారికి ఇది తెలిసిన రోజు నుంచి ఇటలీ దేశంతోనే మాటల్లేవు.

లండన్ శీను:
ఇక్కడ కార్బోన్ ఉన్నది గ్రోవనర్ స్క్వేర్‌లో, పాత అమెరికన్ ఎంబసీ భవనంలో. ఇప్పుడది స్టార్ హోటల్ అయింది. ఒకప్పుడు వీసా కోసం క్యూ కట్టిన చోట ఇప్పుడు టేబుల్ కోసం ఎదురుచూడాలి. ఇదే నా అభ్యంతరం. థాంప్సన్ స్ట్రీట్‌లో పుట్టిన హోటల్‌కి ఆ వీధి ఉంది, చుట్టూ ఇటాలియన్ల పాత పేట ఉంది. ఆ వీధిని లండన్‌కి ఎలా మోసుకొస్తారు?

వంటింటి మేస్త్రి:
శీనూ, ఆ వీధిలో కూడా వాళ్లు వేసింది సెట్టింగే. అంతకుముందు అక్కడ రోకో అనే పాత ఇటాలియన్ హోటల్ దశాబ్దాల పాటు నడిచింది. వీళ్లు ఆ చోటు తీసుకుని, పాత నియాన్ బోర్డుని ఉంచేసి, లోపల 1950ల నాటి న్యూయార్క్‌ని కట్టారు. వెయిటర్లకి మెరూన్ రంగు టక్సీడోలు కుట్టింది జాక్ పోసెన్ అనే ఫ్యాషన్ డిజైనర్. వాళ్లని వెయిటర్లనరు, కెప్టెన్లంటారు. బండి తోసుకొచ్చి మీ కళ్లముందే సీజర్ కలుపుతారు. ఆ సీజర్ కూడా ఇటలీది కాదు. 1924లో మెక్సికోలోని టిజువానాలో సీజర్ కార్డీనీ అనే ఇటాలియన్ వలసదారు చేశాడని చెప్తారు.

అంటే మొదటి రోజు నుంచీ అది నాటకమే. మంచి నాటకం. నాటకానికి ఊరూరా తిరగడం కొత్తేమీ కాదు. మన సురభి వాళ్లు 1885లో కడప జిల్లాలో మొదలుపెట్టి, కుటుంబాలు పెరిగేకొద్దీ ఎన్ని సమాజాలుగా చీలి ఎన్ని ఊళ్లు తిరిగారు! ఎవరైనా "అది చైన్" అన్నారా?

గోదారి_గట్టు:
బాగుంది పోలిక, కానీ మీకే ఎదురు తిరుగుతుంది. సురభి పిల్లలు తెర వెనక ఉయ్యాలలో పెరిగారు. వేగస్ క్యాసినోలో కెప్టెన్‌కి ఎన్నాళ్లు ట్రైనింగ్ ఇస్తారు?

వంటింటి మేస్త్రి:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. దెబ్బ తగిలింది.

రావు గారి మనవడు:
ఎవరూ రావు గారి మాట ఎత్తలేదేం?

కాస్ట్‌కో స్టోర్లో రావ్స్ అని సాస్ సీసా చూసే ఉంటారు. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు "మన రావు గారెవరో ఇక్కడ పచ్చళ్ల వ్యాపారం పెట్టారు" అని రెండు సీసాలు తీసుకున్నారు. మన రావులు కాదు, పలికేది కూడా రేయోస్. 1896 నుంచి ఈస్ట్ హార్లెమ్‌లో ఉన్న చిన్న హోటల్ అది. పది టేబుళ్లు, అంతే. ఏ టేబుల్ ఏ రోజు ఎవరిదో ఏళ్ల కిందటే ఖాయమైపోయింది. సోమవారం టేబుల్ ఒకాయనది, మంగళవారం ఇంకొకరిది. మన ఊళ్లో కాలవ నీళ్ల వంతులా అన్నమాట. నడిపిన ఫ్రాంక్ పెలెగ్రీనోకి "ఫ్రాంకీ నో" అని పేరు పడింది, ఎవరు ఫోన్ చేసినా లేదనే చెప్పేవాడు కాబట్టి.

వాళ్లూ లాస్ వేగస్‌లో సీజర్స్ ప్యాలెస్‌లో 2006లో పెట్టారు. 2021లో మూసేశారు. సాస్ మాత్రం 1992లో సీసాకెక్కి, చేతులు మారి, చివరికి 2024లో క్యాంప్‌బెల్స్ సూప్ కంపెనీకి చేరింది. సోవోస్ అనే మాతృసంస్థని మొత్తంగా కొన్న ధర దాదాపు 270 కోట్ల డాలర్లు. పది టేబుళ్ల హోటల్ పేరు మీద!

నా ఉద్దేశంలో రావ్స్‌లో అమ్మకానికి ఉన్నది తిండి కాదు, "నాకు అక్కడ టేబుల్ ఉంది" అనే మాట. దాన్ని వేగస్‌కి తీసుకెళ్లలేం, డబ్బిచ్చిన వాడికల్లా టేబుల్ ఇస్తే ఆ మాటకి విలువేముంది? అందుకే సాస్ ప్రయాణం చేసింది, హోటల్ చేయలేకపోయింది. కార్బోన్ అలా కాదు, మేస్త్రి గారన్నట్టు నాటకం, డబ్బింగ్ చేసుకోవచ్చు.

లండన్ శీను:
కానీ టేబుల్ దొరకకపోవడమే కార్బోన్‌కి కూడా సగం మోజు కదా. ఇరవై ఊళ్లలో దొరికితే న్యూయార్క్‌లో దొరకని దానికోసం ఎవడు ఏడుస్తాడు? వంట కంటే ముందు పోయేది అదే.

రావు గారి మనవడు:
ఇది ఆలోచించాల్సిన పాయింటే. ఇరవై అయ్యాక కలుద్దాం.

డల్లాస్ వదిన:
ఒక్క మాట. "అసలు ఇటాలియన్" అని ఎవరూ కొట్టుకోవద్దు. చికెన్ పార్మెజాన్ (వేయించిన చికెన్ మీద టమాటా సాస్, చీజ్) ఇటలీలో అడిగితే వింతగా చూస్తారు. 1880 నుంచి 1920 లోపు దక్షిణ ఇటలీ నుంచి లక్షల మంది బతుకుతెరువు కోసం వచ్చారు. అక్కడ మాంసం ఎప్పుడో పండక్కి, ఇక్కడ కూలి డబ్బుతోనే కొనగలిగారు. వంకాయతో చేసుకునేది మాంసంతో చేశారు, మీట్‌బాల్ గోలీ కాయంత ఉండేది క్రికెట్ బంతి అయింది. మనం ఇక్కడ పనీర్‌తో, అవకాడోతో చేస్తున్న వాటిని చూసి మన ముత్తవ్వలు ఏమంటారో!

పప్పుచారు:
బావమరిదికి మొత్తం చదివి వినిపించాను. ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. "సురభి పాయింట్ చెప్పినాయన మంచోడు, దానికి జవాబు చెప్పినాయన ఇంకా మంచోడు" అన్నాడు.

కార్బోన్‌లో మాకు దొరికింది మంగళవారం రాత్రి పదింబావుకి. పిల్లల స్కూలు ఉంది, వదిలేశాం. ఇవాళ ఇంట్లోనే రావు గారి సీసా ఒకటి తెరిచాను. పాస్తా ఉడకగానే మావాడు గిన్నె సింకులోకి వంచబోతే చెయ్యి పట్టుకుని ఆపి, మేస్త్రి గారి లెక్క ప్రకారం ఒక గరిటెడు నీళ్లు తీసి పక్కన పెట్టించాను. నాకు బాగానే కుదిరింది. వాడు మాత్రం చారులా ఉందంటున్నాడు.