ఆరోగ్య వ్యయం పెరిగితే వృద్ధి తగ్గుతుందా? రిగ్రెషన్‌లో రుణాత్మక గుణకంపై సందేహం

ప్రశ్న: ఒక వర్ధమాన దేశంలో 1990 నుంచి 2022 వరకు ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో శాతంగా తీసుకొని, అదే సంవత్సరపు వృద్ధి రేటుతో రిగ్రెషన్ (ఒకటి మారితే మరొకటి సగటున ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి; ఆ అంచనాయే గుణకం) చేశాను. గుణకం రుణాత్మకంగా, గణాంకపరంగా గణనీయంగా వచ్చింది. ఆరోగ్యానికి ఖర్చు పెట్టడం వృద్ధికి హాని అని పరిశోధన వ్యాసంలో రాయవచ్చునా? దయచేసి తెలుపగలరు.

సమాధానం: రాయకండి. మీరు తీసుకున్న నిష్పత్తికి హారం జీడీపీయే కాబట్టి, ఖర్చు ఏమాత్రం మారకపోయినా, ఉత్పత్తి పడిపోయిన ఏడాది ఆ శాతం దానంతటదే పెరుగుతుంది. 2020లో అనేక దేశాలలో ఉత్పత్తి కుంగింది, మహమ్మారి వల్ల ఆరోగ్య వ్యయం పెరిగింది. ఆ ఒక్క బిందువే మీ గుణకాన్ని కిందికి లాగుతూ ఉండవచ్చు. ముందు దానికి డమ్మీ చలరాశి (ఆ ఏడాదికి 1, మిగతా ఏళ్లకు 0) పెట్టి చూడండి. తరువాత, శాతానికి బదులు ద్రవ్యోల్బణాన్ని సవరించిన తలసరి వ్యయపు లాగరిథమ్‌ను, వృద్ధి రేటుకు బదులు తలసరి నిజ జీడీపీ లాగరిథమ్‌ను వాడండి.

అయితే అప్పుడు గుణకం ధనాత్మకంగా మారితే సంబరపడకండి. ఆదాయం పెరిగేకొద్దీ ప్రభుత్వ వ్యయం పెరుగుతుందని పంతొమ్మిదో శతాబ్దంలోనే జర్మన్ ఆర్థికవేత్త అడాల్ఫ్ వాగ్నర్ అన్నాడు కనుక, కారణం ఏ దిశలో నడుస్తోందో విడిగా పరీక్షించాలి. అందుకు, ఒక శ్రేణి గత విలువలు మరొకదాన్ని ఊహించడానికి తోడ్పడతాయా అని చూసే 1995 నాటి టోడా–యమామోటో పద్ధతి అనువుగా ఉంటుంది. దీర్ఘకాలిక సంబంధానికి ఏఆర్‌డీఎల్ బౌండ్స్ పరీక్ష (శ్రేణులు దీర్ఘకాలంలో కలిసి నడుస్తాయా అని చూసేది) సరిపోతుంది, కానీ ఏ శ్రేణీ రెండవ క్రమ సమాకలితం (వరుస విలువల తేడాను రెండుసార్లు తీస్తేగాని నిలకడకు రానిది) కాకూడదు. ముప్పై మూడు పరిశీలనలే ఉన్నాయి కాబట్టి లాగ్‌లు (లాగరిథమ్‌లు కావు, నమూనాలో చేర్చే గత సంవత్సరాల విలువలు) రెండుకు మించనివ్వకండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. లాగ్‌లు రెండే అయితే టీకాల వంటి వాటి ఫలితం అందులో కనబడుతుందా?

సమాధానం: కనబడదు. ఈ ఏడాది టీకా వేయించుకున్న శిశువు శ్రామికశక్తిలో చేరడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. మీ నమూనా పట్టుకోగలిగేది మలేరియా నివారణ వంటి, పనిదినాలను వెంటనే కాపాడే వ్యయం ప్రభావాన్నే. ఈ పరిమితిని వ్యాసంలో స్పష్టంగా చెప్పండి. వ్యయం ఎక్కువైనంత మాత్రాన ఆరోగ్యం మెరుగుపడుతుందనీ అనుకోకూడదు: ప్రభుత్వ వ్యయంలోని తేడాలు దేశాల మధ్య శిశు మరణాల తేడాలను చాలా స్వల్పంగానే వివరిస్తున్నాయని ఆర్థికవేత్తలు ఫిల్మర్, ప్రిచెట్ 1999లో చూపారు. అందుచేత వీలైతే శిశు మరణాల రేటును మధ్యవర్తి చలరాశిగా (వ్యయం ప్రభావం వృద్ధికి చేరే దారిలోని అంశంగా) చేర్చండి.

మరొక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యయ సమాచారం 2000 నుంచే మొదలవుతుంది. అంతకు ముందరి అంకెలను వేరే మూలం నుంచి తెచ్చి అతికించి ఉంటే, అతుకు దగ్గర నిర్వచనం మారిందేమో, ముఖ్యంగా విదేశీ సహాయం ఒకచోట కలిసి మరొకచోట విడిపోయిందేమో సరిచూసుకోండి.