అరిగిన రోమన్ కంచు నాణెం: లేబుల్ మీది 'కాన్‌స్టంటైన్ ద గ్రేట్'ను నమ్మొచ్చా?

రాగిపైసా
బరువు 1.42 గ్రాములు, వ్యాసం 15.6 మి.మీ. బొరుసువైపు ఎదురెదురుగా ఇద్దరు సైనికులు, మధ్యలో సైనిక ధ్వజం. అడుగున 'ఎం ఏ ఎన్' లా ఉంది. బొమ్మవైపు కుడికి తిరిగిన తల. ఆ తల వెనకాల, గడియారం లెక్కన 10 నుంచి పదకొండున్నర దాకా 'ఓ ఎన్ ఎస్ టి' మాత్రమే మిగిలాయి. లేబుల్ సరైనదేనా? చింతపండుతో తోమితే ఇంకేమైనా బయటపడుతుందా?

చిలుముపొర
చింతపండు దగ్గరికి రానివ్వకండి, నిమ్మకాయా వద్దు, వెనిగరూ వద్దు. ఇలాంటి కంచులో పైపైన ఉన్న లోహం ఎప్పుడో చిలుముగా మారిపోయి ఉంటుంది. అక్షరం ఆకారం నిలిచి ఉండేది ఆ చిలుము పొరలోనే. ఆమ్లం పొరతోపాటు అక్షరాన్నీ పట్టుకుపోతుంది, కింద గుంటలు పడ్డ ఎర్రటి రాగి మిగులుతుంది. మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో తీయండి. అంతకు మించి వద్దు.
లేబుల్ సంగతికొస్తే, ఆ ముఖం కాన్‌స్టంటైన్‌దే అనిపిస్తోంది. పెద్ద ముక్కు, బలమైన గడ్డం.

బొమ్మాబొరుసు
చిలుముపొర గారూ, శుభ్రం చేయడం గురించి మీ మాటే నా మాట. ముఖం చూసి పేరు పెట్టడం మాత్రం ఒప్పుకోను. ఈ రకం 'గ్లోరియా ఎక్సెర్సిటస్' (సైన్యపు కీర్తి) నాణేలను తండ్రి కాన్‌స్టంటైన్ చక్రవర్తికీ కొడుకులకీ ఒకేసారి కొట్టారు. చెక్కినవాళ్ళు దాదాపు ఒకే ముఖం చెక్కి పేరు మార్చారు. అరిగాక అందరి ముక్కూ ఒకటే.

ముందు బొరుసు తేల్చండి. నిలువు గీతలు లెక్కపెట్టండి. సైనికుల బయటి చేతుల్లో చెరో ఈటె ఉంటుంది. మధ్యలో ఒకే ధ్వజం ఉంటే మొత్తం 3 గీతలు, రెండుంటే 4. రెండు ధ్వజాలవి క్రీ.శ. 330–335 నాటివి, సుమారు రెండున్నర గ్రాములు. 335 నుంచి ధ్వజం ఒకటే, బరువు ఒకటిన్నర గ్రాముకు దిగింది. అరుగుదలతో బరువు మోసం చేస్తుంది కాబట్టి గీతల లెక్కే ముఖ్యం.

ఇక అక్షరాలు. రాత ఎడమవైపు కింద 7 గంటల దగ్గర మొదలై, తల చుట్టూ తిరిగి 5 దగ్గర ఆగుతుంది. 'కాన్‌స్టాంటినస్ మాక్స్ ఆగ్' అయితే మొదటి అక్షరం 'సి'యే 7 దగ్గర పడాలి. మొత్తం 18 అక్షరాలు, కాబట్టి 'ఓ ఎన్ ఎస్ టి' ఏడున్నర నుంచి తొమ్మిదింబావు లోపల ఉండాలి. 'ఇయున్ నోబ్ సి' అని ముగిసే కొడుకు రెండో కాన్‌స్టంటైన్‌కీ దాదాపు అంతే. మీ నాణెం మీద అవి 10 దాటాక మొదలయ్యాయంటే ముందు ఇంకో ఐదక్షరాలు ఉన్నట్టు: 'ఎఫ్ ఎల్ ఐ వి ఎల్', అంటే ఫ్లావియస్ జూలియస్. కాబట్టి తండ్రి కాదు. ఇంకో కొడుకు రెండో కాన్‌స్టాంటియస్ గానీ, తమ్ముడు కాన్‌స్టాన్స్ గానీ. ఇద్దరూ అప్పటికి సీజర్లే, అంటే ఉపచక్రవర్తులే. ఇంకో సీజర్, కాన్‌స్టంటైన్ సోదరుడి కొడుకు డెల్మేషియస్ పేరులో ఈ నాలుగక్షరాల వరుసే లేదు.

చిలుముపొర
లెక్క బాగుంది. కానీ తల కాస్త వాలుగా చెక్కి ఉంటే? 15 డిగ్రీలు పక్కకి జరిగితే మీ గడియారం అరగంట తప్పుతుంది.

బొమ్మాబొరుసు
తప్పుతుంది, నిజమే. అందుకే భుజాల అడుగు గీత రెండు చివరలూ కలిపి దాన్నే అడ్డంగా పెట్టుకోవాలి, ముక్కును బట్టి కాదు. అయినా తేడా రెండు గంటలు దాటుతోందండీ, అరగంట పొరపాటు దాన్ని మింగలేదు. తల మీది కట్టు కూడా చూడండి. సాధారణంగా కాన్‌స్టంటైన్‌కు రత్నాల పట్టీ, సీజర్లకు లారెల్ ఆకుల దండ.

టంకశాల
అడుగున 'ఎస్ ఎం ఏ ఎన్' అయితే తూర్పున ఉన్న అంతియోక్ నగరపు టంకశాల. అలెగ్జాండ్రియా అయితే 'ఏ' తర్వాత 'ఎల్' ఉండాలి. తూర్పు భాగం కాన్‌స్టాంటియస్ పాలించిందే కదా, అతనిదే అని ఎందుకు అనకూడదు?

బొమ్మాబొరుసు
అనకూడదు. ఆ టంకశాల అన్నదమ్ములందరి పేర్లతోనూ కొట్టింది.

రాగిపైసా
గది చీకటి చేసి, టార్చి దాదాపు బల్లకు ఆనించి, నాణేన్ని తిప్పుతూ ఎనిమిది ఫొటోలు తీసి నలుపు తెలుపులోకి మార్చాను. నుదుటి ముందు ఒంటి గంట దాటగానే ఒక నిలువు గీత ఉంది. దాని ముందు 'ఎన్' మసకగా. బొరుసు మీది గీతలు కూడా మూడే.

చిలుముపొర
నిలువు గీత కనబడగానే 'టి' అనుకుని కాన్‌స్టాంటియస్ అనేయకండి. కాన్‌స్టాన్స్ పేరులో 'ఎన్' తర్వాత వచ్చే 'ఎస్' ఈ నాణేల మీద సన్నగా ఉంటుంది. వంపులు అరిగితే అదీ గీతలాగే మిగులుతుంది. గీరుడైనా కావచ్చు. అంచు చుక్కల దాకా పోతే గీరుడు, అక్షరం ఎత్తులోనే ఆగితే అక్షరం.

బొమ్మాబొరుసు
ఆకారం వదిలేసి చోటు చూద్దాం. రెండు పేర్లలోనూ అది పదమూడో అక్షరమే. ముందున్న ఐదుతో కలిపి 'కాన్‌స్టాంటియస్ నోబ్ సి' రాతలో మొత్తం 20 అక్షరాలు, పదమూడోది ఒంటి గంట దాటాక పడుతుంది. కాన్‌స్టాన్స్‌కు 17 మాత్రమే, అక్షరాలు ఎడంగా పడి పదమూడోది రెండున్నరకు వెళ్తుంది. మీది ఒంటి గంట దాటగానే ఉంది. నా ఓటు కాన్‌స్టాంటియస్‌కే, సీజర్‌గా, 335–337.

చిలుముపొర
లేబుల్ మీది పేరు తప్పని నేనూ ఒప్పుకుంటున్నా. కానీ పదమూడో అక్షరం తర్వాత ఏడక్షరాలకు చోటుందా, నాలుగింటికేనా అన్నది మూడు నుంచి ఐదు గంటల మధ్య వెలుతురు వేసి చూసేదాకా కొత్త లేబుల్ మీద పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచండి.