రైడింగ్ జాకెట్: మెష్ సరిపోతుందా? ఎం కొనాలా, ఎల్ కొనాలా?

గుంటూరు బండి: అందరికీ నమస్కారం. రోజూ గుంటూరు నుంచి విజయవాడకి బండి మీదే ఆఫీసుకి వెళ్లొస్తాను. ఈ చలికాలం లంబసింగి వెళ్దామని ప్లాన్. షాపులో జాకెట్ చూస్తే ఎం సైజు పొట్ట దగ్గర బిగుతు, ఎల్ భుజాల దగ్గర వదులు. షాపతనేమో "వదులుగా ఉంటేనే గాలి ఆడుతుంది, ఎల్ తీసుకోండి" అంటున్నాడు. మా ఫ్రెండ్ మెష్ (గాలి ఆడే జల్లెడ గుడ్డ) పనికిరాదు, లెదరే కొనమంటాడు. మన ఎండలకి లెదరా? ప్యాంటు కూడా వేరే కొనాలా, జీన్స్ చాలదా?

పాత రైడర్: తమ్ముడూ, ముందు సైజు తేల్చుకో, గుడ్డ సంగతి తర్వాత. ఆర్మర్ అంటే దెబ్బ ఆపడానికి జాకెట్ లోపల పెట్టే ప్యాడ్, అది ఎంత ఖరీదైనదైనా పడ్డ క్షణంలో మోచేతి మీద లేకపోతే దండగే. జాకెట్ వదులైతే రోడ్డు మీద ఈడ్చుకుపోయేటప్పుడు జాకెట్ చెయ్యి పైకి ఎగబాకుతుంది, ఆర్మర్ పక్కకి తిరిగిపోతుంది.

అద్దం ముందు నిలబడి చూస్తే ఏమీ తెలియదు. జిప్పు పూర్తిగా వేసి, బండెక్కి హ్యాండిల్ పట్టుకో. మణికట్టు బయటపడకూడదు, కాలర్ గొంతుకి ఒత్తుకోకూడదు. పక్కనున్నవాళ్లని మోచేతి ఆర్మర్ పట్టుకుని తిప్పమను. సులువుగా తిరిగితే ఆ సైజు వద్దు. భుజం కుట్టు ఎముక దాటి కిందికి జారినా వద్దు, దాన్ని ఏ పట్టీ సరిచేయలేదు.

ఇంతకీ ఎం సైజుకి నడుము పట్టీలు వదులు చేసి చూశావా? లోపల విడిగా తీసే పొరలు, అంటే చలి లైనర్, వాన లైనర్ తీసేశావా? నాలుగు రోజుల లంబసింగి చలి కోసం ఏడాది పొడుగునా వదులు జాకెట్ ఎందుకు? వానకి పైన తొడుక్కునే కోటు కొనుక్కో, అదే నయం. లోపలి లైనరైతే జాకెట్ తడిసి బరువెక్కుతుంది.

లేబుల్ చూడండి: గుడ్డ గురించి నేను చెప్తాను. ఈడ్చుకుపోయేటప్పుడు తట్టుకోవడంలో మంచి లెదర్‌ని మించింది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఎండకి భయపడి ఇంట్లో మేకుకి తగిలించే లెదర్ కన్నా రోజూ వేసుకునే మెష్ మేలు. మెష్‌లోనూ తేడాలున్నాయి: భుజాలు, మోచేతులు, అంటే ముందుగా నేలకి తగిలేచోట, కార్డ్యూరా లాంటి దట్టమైన గుడ్డ ఉండాలి. ఛాతీ మీద జల్లెడ ఉన్నా ఫర్వాలేదు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 ప్రకారం పరీక్షించినవైతే లోపలి లేబుల్ మీద ఎ, ఎఎ, ఎఎఎ అని ఉంటుంది, ఎ-లు పెరిగేకొద్దీ రక్షణ ఎక్కువ. మెష్‌లు ఎక్కువగా ఎ. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు ఎఎ దొరికితే వదలొద్దు. ఆర్మర్‌ది వేరే ప్రమాణం, ఈఎన్ 1621. మోచేతి ఆర్మర్ లెవెల్ 1 అయితే పరీక్షలో లోపలికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2కి 20. తక్కువైతేనే మేలు. వీపు జేబులో చేయి పెట్టి చూడండి. చాలా జాకెట్లలో అక్కడ ఉండేది ఉత్త స్పాంజి ముక్క.

స్కూటీ అక్క: ఆడవాళ్లకి ఒక మాట. మగవాళ్ల ఎస్ సైజు తీసుకుని సర్దుకోవద్దు. భుజాలకి సరిపోతే తుంటి దగ్గర పట్టేస్తుంది.

పాత రైడర్: ప్యాంటు మాట మర్చిపోయాను. మామూలు జీన్స్ రోడ్డుకి ఒరుసుకుంటే ఇట్టే చిరుగుతుంది. అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి నార) లైనింగ్, మోకాలి ఆర్మర్ ఉన్న రైడింగ్ జీన్స్ ఆఫీసుకీ పనికొస్తాయి. నిలబడితే ఆర్మర్ కాస్త కిందికి ఉన్నట్టుంటుంది, కంగారు పడకు. కూర్చుంటే సరిగ్గా మోకాలి మీదికి రావాలి.

గుంటూరు బండి: అన్నా, మళ్లీ వెళ్లి చూశాను. లైనర్లు తీసి, పట్టీలు వదిలితే ఎం చక్కగా సరిపోయింది! లేబుల్ ఎఎ. వీపులో మాత్రం స్పాంజే, లెవెల్ 2 విడిగా కొంటున్నా. అరామిడ్ జీన్స్ ఉతకడం ఎలా?

లేబుల్ చూడండి: బ్లీచ్ వద్దు, అరామిడ్‌కి అది పడదు. ఆర్మర్ తీసేసి, తిరగేసి, చల్లటి నీళ్లతో ఉతికి నీడలో ఆరేయండి. వీపు ఆర్మర్ కొనేముందు జేబు కొలత తీసుకెళ్లండి, అన్నీ అన్నిట్లో పట్టవు.