అమెరికా అంతర్యుద్ధం: బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా?

డల్లాస్ మావయ్య

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇక్కడ టెక్సాస్‌లో ఆ క్లాసులోనే అంతర్యుద్ధం పాఠం వస్తుంది. "డాడీ, వీళ్లెందుకు కొట్టుకున్నారు?" అంటే బానిసత్వం గురించి అన్నాను. పక్కనున్న మా ఫ్రెండ్ వెంటనే "అదంతా ఉత్తరాది వాళ్లు తర్వాత అతికించిన కథ, అసలు గొడవ రాష్ట్రాల హక్కులు, పన్నులు" అని కొట్టిపారేశాడు. టెక్సాస్ సిలబస్‌లో కూడా 2010లో కారణాల వరస ఇలా పెట్టారు: ప్రాంతీయ విభేదాలు, రాష్ట్రాల హక్కులు, చివర్లో బానిసత్వం. 2018లో మార్చి బానిసత్వ విస్తరణను ముందుకు తెచ్చారు. ఇక్కడి వాళ్లకే తెగని పంచాయితీ అన్నమాట. తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే లింకులు పడేయకుండా మీ మాటల్లో రాయండి.

గోదారి గట్టు

మీ ఫ్రెండ్ మాటని అంత తేలిగ్గా తీసేయలేం అండీ. 1861 మార్చిలో ప్రమాణ స్వీకారం రోజున లింకన్ ఏమన్నాడు? బానిసత్వం ఇప్పటికే ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లే ఉద్దేశం నాకు లేదన్నాడు. ఆ వారంలోనే కాంగ్రెస్ ఒక రాజ్యాంగ సవరణ పాస్ చేసింది. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వాన్ని కేంద్రం ఎప్పటికీ ముట్టుకోకూడదని దాని సారాంశం. కార్విన్ సవరణ అంటారు. బానిసలున్న డెలావేర్, మేరీల్యాండ్, కెంటకీ, మిస్సోరి లింకన్ వైపే ఉండిపోయాయి. 1862 ఆగస్టులో హొరేస్ గ్రీలీ అనే పత్రికా సంపాదకుడికి రాసిన జాబులో కూడా, నా ముఖ్య లక్ష్యం యూనియన్‌ను, అంటే రాష్ట్రాలన్నీ కలిసున్న దేశాన్ని కాపాడటమే, బానిసత్వాన్ని నిలబెట్టడమో కూలగొట్టడమో కాదు అని ఆయనే చెప్పుకున్నాడు.

దిగుమతి సుంకాల మీద సౌత్ కరోలినా 1832లోనే "ఈ చట్టం మా దగ్గర చెల్లదు" అని తిరగబడింది. అప్పటికి లింకన్ పేరు ఎవరికీ తెలియదు. ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క ముక్కలో బానిసత్వం అనేస్తే ఎలా?

పాత కాగితం

గోదారి గట్టు గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. కానీ అవి వేరే ప్రశ్నకు జవాబులు. ఉత్తరాది ఎందుకు యుద్ధానికి దిగిందన్నది ఒకటి, దక్షిణాది ఎందుకు విడిపోయిందన్నది ఇంకొకటి. విడిపోయినవాళ్లు కారణాలు దాచుకోలేదు, తీర్మానాలు చేసి మరీ రాసిపెట్టారు.

సౌత్ కరోలినా 1860 డిసెంబరు 20న విడిపోయింది. నాలుగు రోజులకే కారణాల ప్రకటన ఇచ్చింది. అందులో సుంకాల ఊసే లేదు. ఉన్నదేమిటంటే, డజనుకు పైగా ఉత్తరాది రాష్ట్రాల పేర్లు వరసగా రాసి, మీరు మా పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వడం లేదు అని ఫిర్యాదు. న్యూయార్క్ కోర్టులు బానిసలను వెంటబెట్టుకుని దారిన పోనివ్వడం కూడా లేదని ఇంకో ఫిర్యాదు. గమనించండి, ఇక్కడ న్యూయార్క్ తన రాష్ట్ర హక్కు వాడుకుంది, దాని మీద కోపం సౌత్ కరోలినాకి! మిసిసిపీ అయితే డొంకతిరుగుడు లేకుండా, మా స్థానం బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉంది అని మొదట్లోనే రాసేసింది.

గోదారి గట్టు

మీరు ఒక కాగితమే చూపిస్తున్నారు. అదే సౌత్ కరోలినా సభ ఆ రోజుల్లోనే రాబర్ట్ బార్న్‌వెల్ రెట్ రాసిన ఇంకో విజ్ఞప్తిని కూడా ఆమోదించింది. అందులో పన్నుల మాట చాలా గట్టిగా ఉంది. బ్రిటన్ మనల్ని ఎలా పిండిందో ఉత్తరాది అలాగే పిండుతోందని ఉంటుంది.

పాత కాగితం

ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ విజ్ఞప్తి ఎవరికి రాశారో కూడా చెప్పండి మరి: "బానిసలున్న రాష్ట్రాల ప్రజలకు". సుంకాల బాధే అసలు బాధ అయితే అందరికీ రాసేవారు. ఇంకో సంగతి. 1857 చట్టంతో సుంకాలు బాగా తగ్గాయి, దానికి ఓటేసినవాళ్లలో దక్షిణాది సభ్యులు బోలెడుమంది. వాటిని మళ్లీ పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో వచ్చింది. అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. వాళ్ల సెనేటర్లు కుర్చీలు ఖాళీ చేయబట్టే అది సెనేట్‌లో గట్టెక్కింది.

బోస్టన్ చలి

నేను ఉండేది బోస్టన్‌లో. ఇక్కడ జరిగిన ఒక్క కేసు చెప్తాను, రాష్ట్రాల హక్కుల వాదం ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది.

1850లో ఉత్తరాది, దక్షిణాది కుదుర్చుకున్న రాజీలో భాగంగా పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. పట్టుబడిన మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. విచారించే కమిషనర్‌కు ఫీజు ఎలా పెట్టారో చూడండి: "ఇతను బానిసే" అని తేలిస్తే పది డాలర్లు, వదిలేస్తే ఐదు. పది డాలర్ల తీర్పుకి కాగితాల పని ఎక్కువట, అందుకని సమర్థించుకున్నారు! సాయం చేసినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి ఓడలో పారిపోయి వచ్చిన ఆంథనీ బర్న్స్ బోస్టన్‌లో ఒక బట్టల కొట్లో పనిచేసేవాడు. తన సోదరుడికి రాసిన ఉత్తరం యజమాని కంటబడింది. 1854 మే 24న పట్టుకున్నారు. రెండు రోజులకు జనం కోర్టు తలుపు బద్దలు కొట్టబోయారు, కాపలావాడు ఒకడు చచ్చిపోయాడు. జూన్ 2న అతన్ని ఓడ దగ్గరికి నడిపించారు. దారికి రెండు వైపులా సైనికులు, కిటికీల నుంచి నల్లగుడ్డలు, వీధికి అడ్డంగా వేలాడదీసిన ఒక శవపేటిక, దాని మీద "స్వేచ్ఛ" అని రాత. చూడటానికి వచ్చినవాళ్లు యాభై వేలమంది అంటారు. ఒక్క మనిషిని వెనక్కి పంపడానికి అధ్యక్షుడు పియర్స్ కేంద్ర బలగాలను వాడాడు.

ఇప్పుడు చెప్పండి, మసాచుసెట్స్ రాష్ట్ర హక్కు ఏమైంది? విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లదని తీర్పిస్తే, 1859లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దక్షిణాది ఆ తీర్పుని తప్పుపట్టలేదు సరికదా, మెచ్చుకుంది.

ఆ గొడవ తర్వాత ఏమోస్ లారెన్స్ అనే మిల్లు వ్యాపారి, రాత్రి పడుకునేటప్పుడు పాతకాలపు రాజీ మనుషులం, తెల్లారేసరికి బానిసత్వమంటే మండిపడే పిచ్చివాళ్లమయ్యాం అన్న అర్థంలో రాసుకున్నాడు. దక్షిణాది పత్తి కొని బట్ట నేయించి సొమ్ము చేసుకున్న కుటుంబం ఆయనది.

ఓరుగల్లు కుర్రాడు

విడిపోతాం అన్నవాళ్లని వదిలేస్తే అయిపోయేది కదా బ్రో. మన దగ్గర కూడా 2014లో...

నిర్వాహకుడు

తమ్ముడూ, ఆ టాపిక్‌కి వేరే దారం ఉంది, అక్కడ ఇప్పటికే వెయ్యి పోస్టులు కొట్టుకుంటున్నాయి. దాన్ని ఇక్కడికి తేవద్దు.

ఓరుగల్లు కుర్రాడు

సరే అన్నా. వేరే డౌట్. దక్షిణాదిలో చాలామంది తెల్లవాళ్లకి బానిసలే లేరు కదా. మరి వాళ్లెందుకు చచ్చారు?

సత్తెనపల్లి సీత

మంచి ప్రశ్న. దక్షిణాది మొత్తం మీద తెల్లవాళ్ల కుటుంబాల్లో సుమారు నాలుగో వంతుకే బానిసలుండేవారు. కానీ సౌత్ కరోలినా, మిసిసిపీల్లో దాదాపు సగం కుటుంబాలకు ఉండేవారు. లేనివాడికి కూడా రేపు ఒకణ్ని కొనుక్కోవాలన్న ఆశ. అంతకంటే పెద్దది భయం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు కథలు ఇంటింటా తెలుసు. సౌత్ కరోలినా జనాభాలో సగానికి పైగా బానిసలే, వాళ్లంతా ఒక్కసారి విడుదలైతే అన్న టెన్షన్ ఊహించండి. జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ 1860 డిసెంబరులో ఇదే పాయింట్ పట్టుకుని పేద తెల్లవాళ్లకు చెప్పాడు: బానిసత్వం పోతే కూలికి నల్లవాళ్లతో మీరే పోటీ పడాలి, మీ పరువూ బతుకూ రెండూ పోతాయని.

ఇంకో రకంగా చూడాలంటే మ్యాప్ చూడండి. జనాభాలో బానిసల శాతం ఎక్కువున్న రాష్ట్రాలు ముందు వెళ్లిపోయాయి. మధ్యస్థంగా ఉన్నవి యుద్ధం మొదలయ్యాక వెళ్లాయి. తక్కువున్నవి వెళ్లనే లేదు. వర్జీనియాలో కూడా బానిసలు పెద్దగా లేని కొండ ప్రాంతం అడ్డం తిరిగి, 1863లో వెస్ట్ వర్జీనియా అయింది. సుంకాల గొడవ అయితే ఇంత లెక్కగా ఎందుకు కుదురుతుంది?

గోదారి గట్టు

సీత గారూ, యుద్ధం మొదలయ్యాక వెళ్లిన నాలుగు రాష్ట్రాల దగ్గర ఆగండి. వర్జీనియా సభ 1861 ఏప్రిల్ 4న విడిపోవద్దనే ఓటేసింది. 12న సౌత్ కరోలినాలోని కేంద్ర సైన్యపు సమ్టర్ కోట మీద దక్షిణాది కాల్పులు, 15న లింకన్ 75,000 మంది సైనికుల్ని పిలిచాడు. రెండు రోజుల్లో అదే సభ తిరగబడింది. వాళ్లని కదిలించింది బానిసత్వం కాదు, సాటి రాష్ట్రాల మీదికి సైన్యాన్ని తోలడం.

సత్తెనపల్లి సీత

ఆ నాలుగింటి విషయంలో మీ మాటకు బలముంది. అయినా వర్జీనియా తీర్మానంలో "దక్షిణాది బానిస రాష్ట్రాల మీద అణచివేత" అనే రాసుకున్నారు. ఎవరి పక్షాన నిలబడుతున్నారో వాళ్లకి స్పష్టంగా తెలుసు.

పాత కాగితం

అసలు ఇది ఒక్క రోజున పుట్టిన గొడవ కాదు. ఉన్నచోట బానిసత్వం ఉండనీ అని ఉత్తరాదిలో ఎక్కువమంది సరిపెట్టుకున్నారు. తగాదా అంతా పడమటి కొత్త భూముల దగ్గర. 1820లో 36 డిగ్రీల 30 నిమిషాల దగ్గర గీత గీసి, లూసియానా భూముల్లో దానికి పైన వద్దు అనుకున్నారు, మిస్సోరికి మాత్రం మినహాయింపు. 1854లో సెనేటర్ డగ్లస్ ఆ గీత చెరిపేసి, కాన్సస్‌లో అక్కడి జనమే ఓటేసి తేల్చుకోవాలన్నాడు. బర్న్స్‌ను ఓడెక్కించిన వారంలోనే ఆ చట్టం మీద సంతకం పడింది. వినడానికి ప్రజాస్వామ్యమే, జరిగింది మాత్రం రెండు వైపుల నుంచీ తుపాకులతో జనాన్ని దించడం. పైన చెప్పిన లారెన్స్ డబ్బులిచ్చి పంపినవాళ్లు అక్కడ ఊరు కట్టి ఆయన పేరే పెట్టారు. 1856 మే 21న బానిసత్వం కావాలన్నవాళ్లు ఆ ఊరిని దోచుకుని, అక్కడి హోటల్‌ను తగలబెట్టారు. మర్నాడే వాషింగ్టన్‌లో, సెనేట్ హాల్లోనే, సౌత్ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడిన చార్లెస్ సమ్నర్‌ను చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. కర్ర విరిగిపోయింది. దక్షిణాది అభిమానులు అతనికి కొత్త కర్రలు కానుకగా పంపారు. ఆ కర్రల సంగతి చదివినప్పుడే నాకు ఇక రాజీ అసాధ్యం అనిపిస్తుంది. ఆ వారంలోనే బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు కాన్సస్‌లో ఐదుగుర్ని ఇళ్లలోంచి లాక్కొచ్చి నరికారు.

1857లో డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, కొత్త భూముల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కే లేదంది. అయినా దక్షిణాదికి చాల్లేదు. 1860లో చార్ల్‌స్టన్‌లో డెమొక్రాట్ల సభ నుంచి దక్షిణాది ప్రతినిధులు లేచిపోయింది ఎందుకు? కొత్త భూముల్లో బానిసల ఆస్తిని కేంద్రమే చట్టంతో కాపాడాలి అన్న డిమాండ్‌కి ఒప్పుకోలేదని. కేంద్రం పెత్తనం వద్దన్నవాళ్ల కోరిక ఇది! పార్టీ చీలింది, నలుగురు పోటీ చేశారు, నలభై శాతం ఓట్లతో లింకన్ గెలిచాడు.

విడిపోయిన రాష్ట్రాలు కట్టుకున్న కొత్త దేశపు రాజ్యాంగం కూడా చూడండి. బానిసల మీద ఆస్తి హక్కును తగ్గించే చట్టం వాళ్ల కాంగ్రెస్ చేయకూడదు. ఏ రాష్ట్రానికి వెళ్లినా బానిసలను వెంట తీసుకెళ్లే హక్కు యజమానికి ఉంటుంది. ఏదైనా రాష్ట్రం రేపు మనసు మార్చుకుని వాళ్లని లోపలికి రానివ్వనంటే కుదరదు.

గోదారి గట్టు

ఈ చివరి పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. దక్షిణాది ఎందుకు వెళ్లిందన్నది మీకు వదిలేస్తున్నాను. ఉత్తరాది నల్లవాళ్ల మీద ప్రేమతో దిగిందన్న కథ మాత్రం ఒప్పుకోను.

పక్కమాట ఒకటి. పత్తి ఆపేస్తే ఇంగ్లండు కాళ్లబేరానికి వస్తుందని దక్షిణాది లెక్క. "పత్తే రాజు" అని సెనేటర్ హామండ్ 1858లోనే అన్నాడు. తీరా లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి, మా కాకినాడ రేవుకి ఆ పత్తి ఎగుమతుల రోజుల్లోనే పేరొచ్చింది.

డల్లాస్ మావయ్య

బాగుంది, మా ఫ్రెండ్‌కి ఈ దారం మొత్తం పంపుతున్నా. ఒక్క ప్రశ్న మిగిలింది. బ్రిటన్ 1833లో యజమానులకు రెండు కోట్ల పౌండ్లిచ్చి బానిసత్వాన్ని వదిలించుకుంది కదా. వీళ్లూ డబ్బిచ్చి తేల్చుకుని ఉంటే ఆ ఆరేడు లక్షల ప్రాణాలు మిగిలేవి కాదా?

సత్తెనపల్లి సీత

లింకన్ ప్రయత్నించాడు. దాదాపు నలభై లక్షల మంది బానిసల్లో డెలావేర్‌లో ఉన్నది 1,798 మంది మాత్రమే. యూనియన్‌లోనే ఉన్న రాష్ట్రం, ఇంతకంటే సులువైన చోటు దొరకదని 1861 చివర్లో అక్కడి యజమానులకు కేంద్రం డబ్బిచ్చేలా ప్రతిపాదన పెట్టించాడు. ఓట్లు చాలవని తెలిసి అది సభలో ఓటింగ్‌కి కూడా రాలేదు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసే పదమూడో సవరణను కూడా డెలావేర్ తిరస్కరించింది. దానికి ఆమోదం తెలిపింది 1901లో.