మొగలి అని అమ్మారు, పువ్వేదండీ?

బాల్కనీ తోట, హైదరాబాద్:
నాలుగేళ్ల కిందట నర్సరీలో మొగలి అంటే ఒక కుండీ కొన్నాను. అమ్మమ్మ పట్టుచీరల మడతల్లో మొగలిరేకులు పెట్టేది, పెట్టె తీస్తే గదంతా ఆ వాసనే. ఆ ఆశతోనే పెంచుతున్నా. పిలకలైతే బోలెడు వేసింది, పువ్వు మాత్రం లేదు. ఆకుకు ముల్లూ లేదు. నలిపితే బాస్మతి అన్నం వాసన. ఎరువు ఏం వేయాలి?

ఇచ్ఛాపురం వాణ్ణి:
ఎరువు దండగండీ, అది పాండన్. మొగలికి దాయాదే గానీ మొగలి కాదు. పూయడం చాలా అరుదు. బాస్మతికి వాసననిచ్చే పదార్థమే దీని ఆకులోనూ ఉంది.

అసలు మొగలైతే ఈపాటికి మీ చేతులు గీరుకుపోయేవి. ఆకు అంచుల్లో, నడిమి ఈనె అడుగున రంపం పళ్లలా ముళ్లుంటాయి. ఊడలు దింపి మనిషిని మించి పెరుగుతుంది, కుండీలో ఎక్కడ పడుతుంది? పైగా ఆ ఘాటు మగచెట్టు పువ్వుదే. ఆడచెట్టు అనాసలాంటి కాయ కాస్తుంది, అంతే.

మా పక్కనే ఒడిశా గంజాం జిల్లా. ఛత్రపురం వైపు పొలం గట్లకు మొగలే కంచె. వానాకాలం పొద్దున్నే పువ్వులు కోసి బట్టీలకు చేరుస్తారు, ఆలస్యమైతే వాసన ఎగిరిపోతుంది. రాగి పాత్రల్లో నీళ్లు పోసి కాచి, ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తే అత్తరు. ఉత్తినే చల్లార్చి పడితే మీ బిర్యానీలో చల్లే కేవ్డా నీళ్లు. (పాములు ఆ వాసనకే వస్తాయని మా నాయనమ్మ పొద దగ్గరికి పోనిచ్చేది కాదు. ఎలుకల కోసం వస్తాయని నా అనుమానం.)

సింగపూర్ కోడలు:
అయ్యో, పీకేయకండి! ఇక్కడ మేం కొనుక్కుంటాం దాన్ని. కొబ్బరిపాలతో అన్నం వండేటప్పుడు రెండు ఆకులు ముడేసి పడేస్తే చాలు. ఆకు రసంతో చేసే పచ్చ కేకు మా పిల్లలకు ప్రాణం. బొద్దింకలు రావని కొందరు కారులో కూడా పెట్టుకుంటారు. నేనూ పెట్టా, బొద్దింకలు పట్టించుకోలేదు.

బాల్కనీ తోట, హైదరాబాద్:
నర్సరీ ఆయన్ని అడిగితే "అదీ మొగలి జాతేగా మేడమ్" అన్నాడు. దాయాది అని మీరే అన్నారు కాబట్టి పోట్లాడలేకపోయా! ఆదివారం పలావులో రెండు ఆకులు వేస్తున్నా. ఇచ్ఛాపురం గారూ, ఈ వానాకాలం ఇటు వచ్చే పనుంటే ఒక్క మొగలిపొత్తు తెచ్చిపెడతారా? అమ్మమ్మ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది.