‘పవర్-టు-వెయిట్ రేషియో’ను తెలుగులో ఏమనాలి?

కార్ల గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘శక్తి-బరువు నిష్పత్తి’ అని రాశాను. సరిపోతుందా?

— ‘శక్తి’ దగ్గరే తేడా వచ్చిందండీ. బడి పుస్తకాల్లో శక్తి అంటే ఎనర్జీ, పవర్ అంటే సామర్థ్యం. శక్తి పెట్రోలులో ఉంటుంది. ఇంజిన్ దాన్ని సెకనుకు ఎంత చొప్పున పనిగా మార్చగలదో అది సామర్థ్యం. ట్యాంకు నింపితే శక్తి పెరుగుతుంది కానీ పికప్ పెరగదు; బరువెక్కి ఇంకాస్త తగ్గుతుంది కూడా.

మాస్టారూ, పత్రికలు ‘1,197 సీసీ సామర్థ్యం గల ఇంజిన్’ అంటాయి కదా. పాఠకుడు సీసీ అనుకోడా?

— అనుకుంటాడు. సీసీ సిలిండర్ల ఘనపరిమాణం, దానికి సామర్థ్యం అన్న మాట తగిలించింది పత్రికలే. నా మాట వింటే పదం కంటే లెక్క చెప్పండి. 900 కిలోల కారు, 90 హార్స్‌పవర్ ఇంజిన్ అనుకుందాం. 70 కిలోల డ్రైవరు ఒక్కడే ఉంటే టన్నుకు సుమారు 93 హార్స్‌పవర్. అలాంటివాళ్లే అయిదుగురు ఎక్కి, 50 కిలోల సామాను పెడితే 69. ఇంజిన్ అదే, తిరుమల ఘాట్‌లో మాత్రం ‘బండి లాగడం లేదు’ అంటాం. ఆ ‘లాగడం’ ఎంత చక్కని మాటో! అయితే దీన్ని ‘వేగం’ అని అనువదించకండి, ఇది త్వరణం. చదునైన రోడ్డు మీద గరిష్ఠ వేగానికి అడ్డుపడేది ముఖ్యంగా గాలి, బరువు పాత్ర తక్కువ.

— మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నిష్పత్తి అంటే ఒకే జాతి రాశుల మధ్య పోలిక అని లెక్కల పుస్తకం చెబుతుంది. హార్స్‌పవర్‌కూ కిలోకూ నిష్పత్తి ఎలా కుదురుతుంది?

— మంచి పట్టే పట్టారు! స్వీడన్ కంపెనీ కోనిగ్‌సెగ్ 2014లో ‘వన్ టు వన్’ అనే కారు చూపించింది. 1,360 హార్స్‌పవర్, 1,360 కిలోలు, అందుకే ఆ పేరు. అదే సామర్థ్యాన్ని కిలోవాట్లలో కొలిస్తే సుమారు వెయ్యి. అప్పుడు కిలోకు ముప్పావు కిలోవాటు కూడా రాదు, పేరు చెల్లదు. కొలమానం మారితే అంకె మారిపోతుంది కాబట్టి, మీరన్నట్టు ఇది లెక్కల పుస్తకపు నిష్పత్తి కాదు.

అయితే ‘సామర్థ్య-భార నిష్పత్తి’ అని ఒక్కసారి రాసి, తర్వాతంతా ‘టన్నుకు ఇన్ని హార్స్‌పవర్’ అంటాను. పికప్‌ను పికప్‌గానే ఉంచేస్తున్నాను, మాస్టారూ. మీరే వాడారు కదా!