డాక్టర్ చీటీ మీద మెషీన్లు మాత్రమే రాసి పంపితే మీరేం చేస్తున్నారు?

ప్రశ్న

ఫిజియోగా చేరి మూడేళ్లయింది. మా దగ్గరికి వచ్చే మోకాళ్ల నొప్పి కేసుల్లో చాలామందికి చీటీ మీద "అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ, 10 రోజులు" అని డాక్టర్ ముందే రాసి ఉంటుంది. అల్ట్రాసౌండ్ అంటే ఇక్కడ స్కాన్ కాదు, ధ్వని తరంగాలతో ఇచ్చే చికిత్స, ఐఎఫ్‌టీ అంటే నొప్పికి పెట్టే కరెంటు మెషీన్. నిన్న ఒక పెద్దావిడకి ఏడో రోజు. బెడ్ దిగడానికి నా భుజం గట్టిగా పట్టుకున్నారు. మొదటి రోజూ అలాగే పట్టుకున్నారు. మనసు చివుక్కుమంది, ఎందుకంటే ఈ ఏడు రోజుల్లో ఆవిడని ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేపించి చూడలేదు నేను. వ్యాయామం అంటే పేషెంట్లకి నమ్మకం లేదు, రాసింది చెయ్యమంటుంది మేనేజ్‌మెంట్. డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి? అసలు రీసెర్చ్ అనేది కాలేజీల వాళ్ల పనేనా, మనం ఏమీ చేయలేమా?

జవాబు 1

చీటీ గురించి వాదనకి దిగకండమ్మా, ఆ పేషెంట్ గురించి మాట్లాడండి. నేను చాలా ఏళ్లు ఈ తప్పే చేశాను, మన వృత్తికి గౌరవం లేదని బాధపడేదాన్ని తప్ప నా పనికి నా దగ్గర లెక్క ఉండేది కాదు. చేతుల్లేని కుర్చీ, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తుది, గోడకి ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలిగారో రాసుకోండి. నొప్పి 0 నుంచి 10లో ఎంతో అడగండి. నాలుగు వారాల తర్వాత మళ్లీ అదే కుర్చీతో చూసి, ఏం చేయించారో, ఏం మారిందో డాక్టర్‌కి అర పేజీలో పంపండి. నేను ఇలా పంపడం మొదలుపెట్టిన కొన్ని నెలలకి ఒక డాక్టర్ చీటీ మీద "ఫిజియో చూసి నిర్ణయించాలి" అని రాశారు. ఆ చీటీ ఇప్పటికీ దాచుకున్నాను.

జవాబు 2

పై మేడమ్ చెప్పినదానికి తోడు చదివి వెళ్లండి. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 156 మంది మోకాలి ఆర్థరైటిస్ పేషెంట్లతో ఒక ట్రయల్ వచ్చింది, ఏడాది తర్వాత నొప్పి, కదలికల విషయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. అయితే ఇంజెక్షన్ గ్రూపు కూడా సగటున మెరుగైంది, అది దాచి చెప్తే డాక్టర్ దగ్గర మన మాట పోతుంది. ఇలాంటివి వెతకడానికి 1999 నుంచి పెడ్రో అనే ఉచిత డేటాబేస్ ఉంది, ట్రయల్ ఎంత పద్ధతిగా చేశారో 10కి మార్కులు కూడా వేస్తారు.

జవాబు 3

మెషీన్లన్నీ దండగ అనే ధోరణి మాత్రం వద్దండీ. పది నిమిషాలు టెన్స్ (నొప్పికి చర్మం మీద సన్నటి కరెంటు ఇచ్చే మెషీన్) పెడితే ఆ తర్వాత వ్యాయామం చేయగలుగుతారంటే పెట్టండి, అక్కడితో ఆపకుండా ఉంటే చాలు. రీసెర్చ్ సంగతికొస్తే మీ కుర్చీ లెక్కలే మొదటి మెట్టు. మధ్యలో మానేసినవాళ్లనీ, తగ్గనివాళ్లనీ కూడా అందులో ఉంచండి, మంచి కేసులే ఏరుకుంటే అది ప్రచారం అవుతుంది. జర్నల్‌కి పంపే ఆలోచన ఉంటే పేషెంట్ రాతపూర్వక అనుమతి, ఎథిక్స్ కమిటీ సంగతి ముందే చూసుకోండి, తర్వాత పరుగులు పెడితే కుదరదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్సండీ. ఇవాళ అల్ట్రాసౌండ్ అయ్యాక ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాను. 4 సార్లు లేచారు, ఐదోసారికి చేతులు తొడల మీదికి వచ్చేశాయి. "ఇంతేనా నేను" అన్నారు. 4 అని తేదీ వేసి ఫైల్లో రాశాను, ఇంట్లో పూటకి ఎన్నిసార్లు లేవాలో ఆవిడే అడిగి రాయించుకున్నారు.